పెరుగు మరల పాలగునా?

మీ యింట పాతకాలపు రేడియో పెట్టె యింకను భద్రముగా నున్నచో ఒకసారి దానిని పరికించి చూడుడు. ముదురు గోధుమరంగుతో నున్నగా మెరయు పెట్టె అయినచో అది చాలవరకు బేకలైటుతో చేసినదై యుండును. ఎన్ని వేసవులు గడచినను అది మెత్తపడలేదు. ఎన్ని వానకాలములు వచ్చినను ఉబ్బలేదు. చెదపురుగు దాని జోలికి పోలేదు. ఇక నేటి రేడియో వెనుక మూత విప్పినచో, రాగిగీతలు పరచిన పలుచని పలక యొకటి కనబడును. మంచిరకపు పలక గాజునారతో నేసిన గుడ్డను ఎపాక్సీ అను రెజినులో ముంచి గట్టిపరచినది. చవుకరకపు పలకలో గాజుగుడ్డకు మారు కాగితము, ఎపాక్సీకి మారు బేకలైటు జాతి రెజిను ఉండును. పెట్టెలోని బేకలైటులో కూడ మెత్తని రంపపుపొట్టు కలిపియే పోతపోసెడివారు. పెట్టెయైనను, పలకయైనను వాటి కూర్పు ఒక్కటే: లోపల నార, చుట్టును బంక.

ఆ రేడియో ఇక పలుకదని తేలినప్పుడు పాతసామానులు కొనువానిని పిలుతుము. అతడు తీగెలలోని రాగిని చూచును; స్పీకరులోని అయస్కాంతమును చూచును; ఇనుప చట్రమును తక్కెడలో వేయును. పలకపైనున్న లోహములకు కూడ కొనువారు కలరు. కాని లోహమంతయు తీసిన తరువాత మిగిలిన నారకు, బంకకు ధర కట్టువాడు లేడు. ఇనుము కరగి మరల ఇనుమగును. ఇత్తడి చెంబు కరగి గంట కావచ్చును. గాజుసీసా కరగి మరియొక సీసా యగును. ఈ గాజునార ప్లాస్టిక్కు మాత్రము ఎవరికిని అక్కరకు రాక మూల పడియుండును. రేడియో పలక అరచేయంత. సముద్రముపై పోవు పడవ, గాలిమర రెక్క, విమానపు దేహము కూడ ఈ జాతివే. వాటి నేమి చేయవలెను?

ఈ ప్రశ్నకు ఇటీవలి సంవత్సరములలో రసాయనశాస్త్రము చెప్పుచున్న సమాధానము వినదగినది.

నార, బంక

రెండు పదార్థములను కలిపి మూడవదానిని సాధించు ఉపాయము మనకు క్రొత్తది కాదు. మట్టిగోడ పెట్టువారు మట్టిలో వరిగడ్డి వేసి త్రొక్కుదురు. ఒట్టి మట్టి ఎండి బీటలు వారును. ఒట్టి గడ్డి నిలువనే నిలువదు. రెండును కలిసినప్పుడు గడ్డి లాగుడును ఓర్చుకొనును. మట్టి గడ్డిని చెదరనీయక పట్టి యుంచును. నారతో బలపరచిన ప్లాస్టిక్కులోని సూత్రము ఇదియే.

బెల్జియములో పుట్టి అమెరికాలో స్థిరపడిన లియో బేక్లండ్ అను రసాయనశాస్త్రవేత్త 1907లో ఫినాలును, ఫార్మాల్డిహైడును కలిపి, వేడిచేసి, పీడనముతో గట్టిపరచి బేకలైటును సాధించెను. పూర్తిగా కృత్రిమమైన ప్లాస్టిక్కులలో అదియే మొదటిది. 1930 తరువాతి దశకమున అమెరికాలో కరగిన గాజును వెండ్రుకకంటె సన్నని పోగులుగా తీయు పద్ధతి వాడుకలోనికి వచ్చెను. గాజుపలక రాయి తగిలిన పగులును. కాని అదే గాజు సన్నని పోగైనప్పుడు దారమువలె వంగును, లాగుడుకు ఉక్కుతో పోటీపడును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఈ పోగులను పాలియెస్టరు రెజినుతో బిగించి రాడారు యంత్రములకు కప్పులు చేసిరి. 1953లో అమెరికాలో కార్వెట్ అను మోటారుకారు గాజునార దేహముతో బజారునకు వచ్చెను. 1960 తరువాతి దశకమున జపానులోను, ఇంగ్లండులోను కార్బనునార తయారుచేయు మార్గములు రూపొందెను. 2011లో ప్రయాణికులను మోయ నారంభించిన బోయింగ్ 787 విమానపు బరువులో సుమారు సగము ఇట్టి నారప్లాస్టిక్కే.

మన తీరములందును ఈ మార్పు కనబడును. కొయ్యదుంగలను కట్టి తెప్పలుగా చేసికొని వేటకు పోయిన మత్స్యకారులు, గడచిన కొన్ని దశాబ్దములలో, ముఖ్యముగా 2004 సునామీ తరువాత, ఫైబరు పడవలకు మారిరి. అవి తేలిక, నీటికి కుళ్లవు. అయితే తెప్ప పాతదైనప్పుడు దాని దుంగలు వంటచెరకైనను అయ్యెడివి. ఫైబరు పడవ పాతదైనచో పొయ్యిలోనికి పనికిరాదు, వడ్రంగికి పనికిరాదు. ఇసుకలో బోర్లపడి యుండుట తప్ప దానికి మరియొక గతి లేదు.

నెయ్యి, పెరుగు

ఇతర ప్లాస్టిక్కులు కరగుచుండగా ఇది ఏల కరగదు? వంటయింటిలోనే దీనికి ఉపమానము దొరకును.

చలికాలపు ఉదయమున నెయ్యి పేరుకొనియుండును. పొయ్యి దగ్గర పెట్టినచో కరగును. తీసి ప్రక్కన నుంచినచో మరల పేరుకొనును. ఇట్లు ఎన్నిసార్లయినను చేయవచ్చును. ప్లాస్టిక్కు బిందె, పాలపొట్లము ఈ జాతికి చెందినవి. వాటి అణువులు పొడవైన దారములవలె ఉండును. ఆ దారములు ఒకదాని ప్రక్క నొకటి పడియుండునే కాని ఒకదానితో నొకటి ముడిపడి యుండవు. వేడి తగిలినప్పుడు జారును, చల్లారినప్పుడు కుదుటపడును.

పాలలో తోడు వేసినప్పటి సంగతి వేరు. పాలు పెరుగైన తరువాత దానిని వేడిచేసినను, చల్లార్చినను మరల పాలు కావు. లోపలి కూర్పే మారినది. ఎపాక్సీ, పాలియెస్టరు, బేకలైటు రెజినులు ఈ రెండవ జాతివి. పడవలు చేయు కార్ఖానాలో పనివాడు డబ్బాలోని చిక్కని రెజినులో కొద్దిపాటి గట్టిపరచు ద్రవమును కలుపును. అదియే దానికి తోడు. కొంతసేపటికి ద్రవము వేడెక్కి, చిక్కబడి, రాయివలె నగును. ఆ సమయమున అణువుల దారములన్నియు అడ్డముగా, నిలువుగా ముడిపడి వలవలె అల్లుకొనును. ఒక పడవయందలి రెజినంతయు ఒకే పెద్ద వల యని చెప్పినను తప్పులేదు. అట్టి వల వేడికి జారదు. వేడి మితిమీరినచో కరగుటకు మారుగా మాడిపోవును.

రెజినునకు గొప్పతనము తెచ్చిపెట్టినదే దాని అంత్యమున దోషమైనది. ఇరువది యేండ్లు ఎండకు, ఉప్పుగాలికి, తుపానుకు ఓర్చుకొనవలెనని కోరి ఆ ముడులు వేసితిమి. ఇరువదియొకటవ యేట అవి విడిపోవలె ననినచో ఎట్లు విడిపోవును?

పాతుట, నూరుట, కాల్చుట

ఈ ప్రశ్న గాలిమరల విషయమున అందరి కంటను పడినది. గాలిమర స్తంభము ఉక్కు, దానికి కొనువారున్నారు. దాని రెక్క గాజునార, రెజిను, నడుమ తేలికయైన బాల్సా కొయ్య. రెక్క ఆయుర్దాయము సుమారు 20 మొదలు 25 ఏండ్లు. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రమున క్యాస్పర్ నగరపు చెత్తదిబ్బలో వందలకొలది పాత రెక్కలను ముక్కలుగా కోసి వరుసలుగా పేర్చి మట్టి కప్పిరి. 2020లో ఆ చిత్రములు లోకమంతట ప్రచురితమైనవి. కాలుష్యము లేని విద్యుత్తునకై నిలిపిన యంత్రములు తుదకు భూమిలో కుళ్లని శవములుగా మిగులుట చూచి అనేకులు కలతపడిరి. ఐరోపాలోని గాలివిద్యుత్తు సంస్థల సంఘమే 2021లో, రెక్కలను పాతిపెట్టుటను 2025 నుండి నిషేధింపవలెనని ప్రభుత్వములను కోరెను. ఆంధ్రప్రదేశములో గాలివిద్యుత్ యంత్రముల సామర్థ్యము నాలుగువేల మెగావాట్లకు పైబడినది. పూర్వపు అనంతపురం జిల్లాలోని రామగిరి కొండలపై 1990 తరువాతి దశకముననే గాలిమరలు తిరుగ నారంభించినవి. కావున ఇది పరదేశపు గొడవ మాత్రమే కాదు.

పాతుట కాకున్న మరియే మార్గములు కలవు? మొదటిది నూరుట. రెక్కను యంత్రములో వేసి పొడిచేసి సిమెంటు పలకలలోనో, క్రొత్త ప్లాస్టిక్కులోనో కలుపవచ్చును. కాని నూరినప్పుడు పొడవైన నార తునాతునకలగును. బలమంతయు నార పొడవులో నున్నది. పొడుగు పోయిన వెనుక అది ఇసుకతో సమానము.

రెండవది సిమెంటు బట్టీ. అక్కడ వేడి సుమారు 1450 డిగ్రీలు. రెజిను కాలి బొగ్గునకు మారుగా వేడినిచ్చును. గాజులోని సున్నము, సిలికా, అల్యూమినా సిమెంటులో కలిసిపోవును. జర్మనీలో ఈ పద్ధతి చాలకాలముగా నడచుచున్నది. పాతుటకంటె ఇది మేలు. కాని ఎంతో శ్రమతో తీసిన నార ఇచట సిమెంటులో కలిసి మాయమైపోవుచున్నది. పట్టుచీరను చింపి మసిగుడ్డ చేసినట్టు.

మూడవది గాలి తగులకుండ కాల్చుట. మూసిన బట్టీలో 450 మొదలు 700 డిగ్రీల వేడిలో రెజిను ఆవిరిగా, నూనెగా విడిపోవును, నార మిగులును. కార్బనునార ఈ వేడికి చాలవరకు ఓర్చుకొనును. కనుక విమానపు ముక్కలనుండి కార్బనునారను ఈ రీతిని తీసి, చిన్న పోగులుగా మోటారుకార్ల భాగములందు వాడుచున్నారు. గాజునార మాత్రము అంత ఓర్పు గలది కాదు. 450 డిగ్రీల వేడి తగిలినచో అది తన బలములో సుమారు సగమును కోల్పోవును. చేతికి వచ్చునది గాజునారయే గాని దానిలో జవము లేదు.

ఈ మూడు పద్ధతులలోను బలప్రయోగమున్నది. వల నెట్లు అల్లిరో చూడక కత్తితోనో, నిప్పుతోనో దానిని నాశనము చేయుదురు. రసాయన మార్గము ముడి ఎక్కడ నున్నదో వెదకి దానినే విప్ప జూచును.

ముడి విప్పు విద్య

మొదట పాలియెస్టరు సంగతి చూతము. పడవలు, నీటితొట్టెలు, స్నానపు తొట్టెలు చాలవరకు దీనితోనే చేయుదురు. పాలియెస్టరు దారము ఆమ్లమును, గ్లైకాలు అను చిక్కని ఆల్కహాలును ఒకదాని తరువాత నొకటి కూర్చి పేనినది. ఆ రెండు కలిసిన చోట నొక నీటి అణువు బయటికి పోవును. అయినచో అదే చోట నీటిని మరల లోనికి పంపగలిగినచో ముడి వీడవలెను గదా! దీనికే జలవిశ్లేషణ మని పేరు. మామూలు నీటికి ఇది సాధ్యము కాదు. కానిచో పడవ సముద్రములోనే కరగిపోయెడిది.

జపానులోని మట్సుషిటా సంస్థ, అనగా నేటి పానసోనిక్, 2000 తరువాతి దశకమున స్నానపు తొట్టెల వ్యర్థముపై ఈ పని సాగించెను. నీటిని మూసిన పాత్రలో సుమారు 230 డిగ్రీల వరకు వేడిచేసిరి. పీడనము సుమారు 28 వాతావరణములు ఉండుటచే ఆ నీరు ఆవిరి కాక ద్రవముగనే యుండును. అట్టి నీటికి కొంత క్షారమును తోడుచేసినప్పుడు అది రెజిను లోనికి చొచ్చుకొనిపోయి, ఆమ్లమునకు, గ్లైకాలునకు నడుమనున్న ముడులను త్రెంచెను. గ్లైకాలు నీటిలోనికి వచ్చెను. గాజునార, అందు కలిపిన ఖనిజపు పొడి అడుగున మిగిలెను.

ఇందు విశేష మొకటి కలదు. దారములను అడ్డముగా కట్టిన వంతెనలు స్టైరీను అను పదార్థముతో చేసినవి. ఆ వంతెనలు నీటికి తెగవు. కనుక స్టైరీనును, దానికి పట్టియున్న ఆమ్లపు భాగమును కలిసి ఒక క్రొత్త పదార్థముగా బయటపడినవి. పూర్వపు రెజిను కాదది. దానిని ఏమి చేయవలెనని పరిశోధకులు ఆలోచించిరి. కొద్దిగా మార్పుచేసినచో, అది క్రొత్త తొట్టె పోతపోయునప్పుడు ముడుచుకొనిపోకుండ కాపాడు సంకలన ద్రవ్యముగా పనికివచ్చునని తెలిసికొనిరి. అట్టి ద్రవ్యమును కార్ఖానాలు వెలపెట్టి కొనుచునే యున్నవి. పాతతొట్టెనుండి వచ్చిన వస్తువు క్రొత్తతొట్టెకు మెరుగు దిద్దుటకు పోయినది. పెరుగు మరల పాలు కాలేదు. కాని దానినుండి వెన్న వచ్చినది.

జపానులోనే హిటాచీ కెమికల్ అను సంస్థ మరియొక దారిని త్రొక్కెను. నీటికి మారుగా బెంజైల్ ఆల్కహాలును, ఉత్ప్రేరకముగా పొటాసియం ఫాస్ఫేటును వాడెను. బెంజైల్ ఆల్కహాలు మరగుటకు 200 డిగ్రీలకు పైబడిన వేడి కావలెను. కనుక సుమారు 200 డిగ్రీల వద్ద మామూలు పీడనముననే పని జరుగును; బరువైన పీడనపాత్రతో పనిలేదు. ఈ పద్ధతిని టెన్నిసు రాకెట్లనుండి కార్బనునార తీయుటకు కూడ పరీక్షించిరి.

ఎపాక్సీ ఇంతకంటె మొండిది. దానిలో ఆమ్లపు ముడులు లేవు. అందలి కర్బనమునకు, ఆక్సిజనుకు నడుమనున్న బంధము నీటికి గాని, క్షారమునకు గాని తేలికగా లొంగదు. 2023లో డెన్మార్కులోని ఆర్హస్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన పరిశోధన ఈ విషయమున ముఖ్యమైనది. వారు రుథీనియం అను లోహమునుండి చేసిన ఉత్ప్రేరకమును ఉపయోగించి, ఆ బంధమునే ఎన్నుకొని త్రెంచిరి. ద్రావకములుగా వాడినవి టోలుయీను, ఐసోప్రొపైల్ ఆల్కహాలు. మొదటిది రంగులు పలుచపరచుటకు వాడు ద్రవములలో నుండునది. రెండవది చేతులు శుభ్రపరచుకొను ద్రవములలో నుండునది. పాత్రను 160 డిగ్రీల వద్ద నుంచిరి. ఇట్లు గాలిమర రెక్కనుండి కోసిన ముక్కలో రెజిను విడిపోయి, గాజునార చెడక బయటికి వచ్చెను. బిస్ఫినాల్-ఎ అను ముడిపదార్థము కూడ చేతికి చిక్కెను. ఎపాక్సీ తయారీకి మొదట వాడునది అదియే. పెరుగునుండి పాలు తీసినంత పని! ఆ 2023లోనే వెస్టాస్ అను గాలిమరల సంస్థ, తన భాగస్వాములతో కలిసి ఇప్పుడు తిరుగుచున్న పాత ఎపాక్సీ రెక్కలను కూడ విడదీయగల రసాయన పద్ధతి యొకటి సిద్ధమైనదని ప్రకటించెను.

విప్పుటకు వీలైన ముడి

పాతముడులను విప్పుట ఒక పని. విప్పుటకు వీలైన ముడులనే మొదట వేయుట మరియొక పని. ఎద్దును కట్టునప్పుడు రైతు లాగినకొలది బిగియునట్లు, కాని కొసపట్టి ఈడ్చిన వెంటనే వీడునట్లు ముడివేయును. రసాయనశాస్త్రజ్ఞులు ఇప్పుడు అట్టి ముడిని రెజినులో వేయ నేర్చుకొనుచున్నారు.

ఎపాక్సీకి తోడుగా వాడు గట్టిపరచు ద్రవ్యములో ఒక బలహీనమైన బంధమును ముందుగనే అమర్చుదురు. ఆ బంధము ఎండకు, వానకు, సముద్రపు ఉప్పునకు చెక్కుచెదరదు. కాని కొంచెము ఆమ్లము కలిపిన వేడి ద్రావణములో ముంచినప్పుడు మాత్రము విడిపోవును. అప్పుడు వల తెగి మరల దారములగును. పెరుగుజాతి రెజిను నెయ్యిజాతి ప్లాస్టిక్కుగా మారును. దానిని కరగించి మరియొక వస్తువుగా పోతపోయవచ్చును. ఇట్టి రెజినును మన దేశపు ఆదిత్య బిర్లా సంస్థ రెసైక్లమిన్ అను పేరుతో అమ్ముచున్నది. సీమెన్స్ గమేసా సంస్థ 81 మీటర్ల పొడవుగల రెక్కలను దీనితో చేసి, 2022లో జర్మనీ దగ్గరి ఉత్తరసముద్రమున కాస్కాసి యనుచోట నిలిపెను. సముద్రముపై వాణిజ్యరీతిని తిరుగుటకు నిలిపిన ఇట్టి రెక్కలలో అవియే మొదటివి.

అమెరికాలోని జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల పరిశోధకులు 2024లో మరియొక రెజినును ప్రకటించిరి. చెట్టుచేమలలోని చక్కెరలనుండి తయారుచేయుటకు వీలైన పదార్థములతో దానిని రూపొందించిరి. దానితో 9 మీటర్ల రెక్కను చేసి చూపిరి. దాని ముక్కలను మెథనాలులో వేడిచేసినప్పుడు ఆరుగంటలలో రెజిను కరగి నారను విడిచిపెట్టెను.

ఈ వరుసలో వినోదము కలిగించు వార్త యొకటి 2022లో మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమునుండి వచ్చెను. అచటివారు మొక్కలనుండి వచ్చు పాలిలాక్టైడును, అక్రిలిక్కు ముడిసరకును కలిపి గాజునారను బిగించిరి. ఆ పలకను క్షారద్రావణములో వేసినప్పుడు అక్రిలిక్కు ఒక ప్రక్కకు, పొటాసియం లాక్టేటు అను లవణము మరియొక ప్రక్కకు వచ్చినవి. అక్రిలిక్కు కిటికీలకు, కారుదీపములకు పనికివచ్చును. పొటాసియం లాక్టేటు తినుబండారములలో వాడునది. దానిని శుద్ధిచేసి మెత్తని మిఠాయిగుళికలు చేసిరి. ఆ పరిశోధనకు నాయకుడైన ఆచార్యుడు వాటిని స్వయముగా తినెను. గాలిమరలనుండి మిఠాయి చేయవలె నని ఎవరును కోరుట లేదు. అణువు శుద్ధమైనదైనచో అది నిన్న ఎందున్నదో దానికి గుర్తుండదని ఆ గుళిక తెలియజేయుచున్నది.

తక్కెడ చెప్పు తీర్పు

ఇంతవరకు వినినవారు, ఇక సమస్య తీరినట్లే గదా యని తలచవచ్చును. ప్రయోగశాలలో తీరినది నిజమే. పాతసామానుల అంగడిలో ఇంకను తీరలేదు.

మొదటి చిక్కు ధర. కార్బనునారను చేయుటకు పోగులను 1000 డిగ్రీలకు పైబడిన వేడిలో ఉంచవలెను. కావున అది ఖరీదైనది. పాతదానినుండి తీసిన కార్బనునారకు కొనువారు దొరకుదురు. గాజునార దానికంటె ఎన్నో రెట్లు చవుక. ఎన్ని ద్రావకములు పోసి, ఎంత వేడిపెట్టి గాజునారను తీసినను, అది బజారులోని క్రొత్తనారకంటె చవుకగా వచ్చుట కష్టము. పైగా నారకు అంటియుండు పూత ద్రావకములో పోవును, మరల పూయవలెను. కోసిన రెక్కనుండి వచ్చు పోగు పొడవునకు కూడ మితి యున్నది.

రెండవ చిక్కు ద్రావకములు. వాటిని ఎక్కువ మొత్తమున పోయవలెను; ప్రతిసారి వడగట్టి, ఆవిరిచేసి, మరల పట్టుకొనవలెను. పారబోసినచో ఒక మాలిన్యమును తీసి మరియొకటి తెచ్చుకొనినట్లగును. రుథీనియం అపురూపమైన లోహము. దాని ధరయు తక్కువ కాదు.

మూడవది మోత. ఒక రెక్క ఎనుబది మీటర్లు. ఒక పడవ ఒక యిసుకతీరమున, మరియొక పడవ నూరుమైళ్ల దూరమున. వాటిని కోయుట, ఎత్తుట, ఒకచోటికి చేర్చుట రసాయనమునకు సంబంధించిన పనులు కావు. కాని ఖర్చులో చాలభాగము అచటనే యున్నది. కాస్కాసి రెక్కలు ఇప్పుడే తిరుగ నారంభించినవి. వాటి ముడులు విప్పవలసిన దినము రెండు దశాబ్దముల తరువాత గాని రాదు. ఆనాడు ఆ రెజిను ఏదో, దాని నెట్లు విప్పవలెనో వ్రాసిపెట్టినవారు, అందుకు ధనము దాచిపెట్టినవారు ఉండవలెను.

ఇందువలన తేలుచున్న దేమనగా, వస్తువును చేసి అమ్మినవారే దాని అంత్యమును గూర్చియు బాధ్యత వహింపవలెను. ఎలక్ట్రానిక్ వస్తువుల విషయమున మన దేశములో అట్టి నియమములు కలవు. 2022లో సవరించిన నియమములు 2023 ఏప్రిల్ నుండి అమలులో నున్నవి. రేడియో, టెలివిజను, టెలిఫోను పాతవైనప్పుడు వాటిని గుర్తింపుపొందిన సేకరణదారులకు చేర్చుట మన విధి. వాటి పలకలను పెరటిలో కాల్చి రాగి తీయుట మాత్రము ఎన్నడును తగదు. నిప్పు అంటకుండుటకై ఆ రెజినులో కలిపిన బ్రోమిను పదార్థములు కాలినప్పుడు విషవాయువులు పుట్టును. ఆ పొగ మొదట సోకునది ఆ ఇంటి పిల్లలకే. తీరమున బోర్లపడిన ఫైబరు పడవ సంగతియు ఇట్లే ఆలోచింపవలసియున్నది. దానిని కొనిన మత్స్యకారునకు అది ఎట్లు ముగియునో ఎవరును చెప్పలేదు. ఆ భారమును అతని నెత్తిన నుంచి, తీరము మురికి అయ్యెనని అతనినే నిందించుట న్యాయము కాదు.

రసాయనశాస్త్రము తన వంతు మాట చెప్పినది. ముడి విప్పవచ్చును, నారను నారగా, అణువును అణువుగా మరల పొందవచ్చును, పాతదానినుండి పూర్వము లేని క్రొత్తపదార్థమును కూడ తీయవచ్చును. ఇక మిగిలినది మన వంతు. పడవయైనను, రెక్కయైనను, రేడియో పలకయైనను చేయు దినముననే అది విడిపోవు దినమును తలచి చేసినచో, పాతసామానులు కొనువాడు నేడు ప్రక్కకు నెట్టుచున్న ముక్కను రేపు తనంతట తానే తక్కెడలో వేయును. ఆ తక్కెడ ముల్లు కదలిన నాడు ఈ విద్య ప్రయోగశాల గడప దాటి మన యింటికి వచ్చినదని నమ్మవచ్చును.